కొబ్బరి తెల్లదోమ కడుపులోని బ్యాక్టీరియాను చంపితే దోమ పోతుందా? స్ట్రెప్టోసైక్లిన్ ఎక్కించమంటున్నారు

అండీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడెకరాల కొబ్బరి తోట, అడుగు మట్టలన్నీ మసి పట్టి నల్లబడ్డాయి, ఆకు కింద తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా ఉంది. మందుల షాపులో "ఈ దోమ బతికేదే కడుపులో ఉన్న బ్యాక్టీరియా వల్ల, అది చస్తే ఇదీ చస్తుంది" అని చెప్పి, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందుతో పాటు స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా వేరు ద్వారా ఎక్కించమన్నారు. ఈ దోమకు మగది అవసరమే లేదని ఏదో వీడియోలో కూడా చూశారు. ఈ రెండు మాటలూ నిజమేనా, మందు ఎక్కించమంటారా అన్నది మీ ప్రశ్న.

ఎక్కించకండి. రెండూ వద్దు. బ్యాక్టీరియా ఉన్న మాట నిజం, అది లేకపోతే దోమ బతకలేదన్నదీ నిజం. కానీ ఆ మాటకీ, మీ చెట్టు వేరుకి కట్టే మందు సంచికీ మధ్య చాలా దూరం ఉంది. మగది అవసరం లేదన్నది సగం మాత్రమే నిజం. నేను ఇరవై ఏళ్లకు పైగా కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో పురుగుల పని మీదే తిరుగుతున్నాను, అందులో కొన్నేళ్లు మిత్ర పురుగులను పెంచే ల్యాబ్‌లో పనిచేశాను. కాబట్టి కాస్త పొడుగైనా వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది రూగోస్ తెల్లదోమ, మనవాళ్లు సర్పిలాకార తెల్లదోమ అంటున్నదే. ఇది మన దేశపు పురుగు కాదు. మధ్య అమెరికా వైపుది, బెలీజ్‌లో దొరికిన పురుగును చూసి 2004లో దీనికి పేరు పెట్టారు. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనబడింది, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో తేలింది. అక్కణ్ణించి కడియం నర్సరీలకూ గోదావరి తోటలకూ రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మామూలు తెల్లదోమకు మూడింతలు ఉంటుంది, బద్ధకంగా కదులుతుంది. ఆడది గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెట్టి మైనం పూస్తుంది కాబట్టే మీకు ఆ చుట్టలు కనిపిస్తున్నాయి.

ఇక బ్యాక్టీరియా సంగతి.

ఈసారి తోటకు వెళ్లినప్పుడు పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి పట్టుకెళ్లండి, వంద రెండొందల రూపాయలకు దొరుకుతుంది. ఆకు అడుగున కదలకుండా అంటుకుని ఉన్న పిల్ల పురుగు మీద మైనం మెల్లగా తుడిచి చూస్తే, పలచటి చర్మం లోపల పొట్ట దగ్గర పసుపు నారింజ రంగులో జంట మచ్చలు కనబడొచ్చు. పత్తి మీద వచ్చే మామూలు తెల్లదోమలో ఇవి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. బ్యాక్టీరియా కాపురం ఉండేది అక్కడే. అది పేగు కాదు, "కడుపులో బ్యాక్టీరియా" అన్న మాటలో మొదటి పొరపాటు ఇదే. ఆ బ్యాక్టీరియా కోసమే దోమ ఒంట్లో ప్రత్యేకంగా కొన్ని కణాలు ఉంటాయి, ఆ కణాల లోపల అది ఉంటుంది. దాని పేరు పోర్టియెరా. తెల్లదోమ జాతులన్నింటిలోనూ ఇది ఉంటుంది. వీటి సావాసం పది కోట్ల ఏళ్లకు పైబడినది, అంటే మనిషి పుట్టుకకు ఎంతో ముందటిది.

అంత కాలం లోపలే ఉండిపోవడంతో పోర్టియెరా బయట బతికే శక్తిని పూర్తిగా పోగొట్టుకుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా జన్యు పత్రంలో సుమారు 46 లక్షల అక్షరాలు ఉంటే, పత్తి తెల్లదోమలోని పోర్టియెరాకు మిగిలింది మూడున్నర లక్షలే. తనకు కావలసిన చాలా పనులు అది మానేసింది, అవన్నీ దోమే చూసుకుంటుంది. మిగిలిన కొద్ది జన్యువుల్లో మాత్రం దోమకు కావలసిన అమైనో ఆమ్లాలు తయారు చేసేవి ఉన్నాయి.

అవి దోమకు ఎందుకంటే, అది తాగేది ఆకు ఈనెల్లో పారే తీపి రసం. అందులో పంచదార బోలెడు, మాంసకృత్తులకు కావలసిన సరుకు బహు తక్కువ. రోజంతా చెరుకు రసం తప్ప ఇంకేమీ పెట్టకుండా పిల్లవాణ్ణి పెంచినట్టు. పోర్టియెరా ఆ లోటు తీరుస్తుంది. అయినా అవసరమైనంత నత్రజని కోసం దోమ చాలా రసం తాగాలి, తాగాక మిగిలిపోయిన పంచదారను వెనక నుంచి జిగురుగా వదిలేయాలి. ఆ జిగురు కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద మసి బూజు పెరుగుతుంది. మీ ఆకుల మీది నలుపు తెగులు కాదు, దోమ పారబోసిన పంచదార మీద పెరిగిన బూజు. ఆ బూజు ఆకు లోపలికి దిగదు, పైపైనే ఉంటుంది. ఎండ తగలక ఆకు ఆహారం తయారు చేయడం తగ్గుతుంది, అంతవరకే. మీరు భయపడినట్టు చెట్టు చచ్చిపోదు. ఇన్నేళ్లలో ఒక్క తెల్లదోమ వల్లనే చచ్చిన కాపు చెట్టును నేను చూడలేదు.

పోర్టియెరా కాకుండా చిన్న చుట్టాలు కూడా ఉంటాయి. పత్తి తెల్లదోమలో హామిల్టొనెల్లా, ఆర్సెనోఫోనస్, రికెట్సియా, వోల్బాకియా, కార్డీనియం లాంటివి ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా దొరుకుతాయి. కొన్ని బి విటమిన్లు ఇస్తాయి. కొన్ని ఏం చేస్తాయో ఇంకా తేలుతూనే ఉంది.

ఇప్పుడు మీ షాపాయన మాటలో నిజం ఎంతో చూద్దాం. ల్యాబ్‌లో తెల్లదోమలకు పంచదార నీళ్లలో యాంటీబయాటిక్ కలిపి తాగించి చూశారు. హామిల్టొనెల్లా తగ్గిపోయిన పత్తి తెల్లదోమల్లో పిల్లలు మగవే ఎక్కువ పుట్టాయి. కాబట్టి బ్యాక్టీరియాను కదిలిస్తే దోమ సంతానం దెబ్బతింటుందన్నది గాలి మాట కాదు. కానీ అది గాజు గొట్టంలో, దోమకు ఇంకో తిండి లేకుండా చేసి, కొలిచి ఇచ్చిన మోతాదుతో జరిగిన పని.

మీ తోటలో అలా ఎందుకు జరగదంటే, స్ట్రెప్టోసైక్లిన్‌లో 90 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 10 పాళ్లు టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ జంతు కణాల్లోకి సరిగా దూరలేదు, మనం చంపాలనుకుంటున్న బ్యాక్టీరియానేమో కణం లోపల కూర్చుని ఉంది. మిగిలిన ఆ కాస్త టెట్రాసైక్లిన్ నలభై యాభై అడుగుల చెట్టు వేరు నుంచి ఎక్కి, మట్టలన్నింటికీ పంచుకుని, దోమ తాగే రసంలోకి పనిచేసేంతగా చేరాలి. చేరదు. పైన పిచికారీ చేస్తే ఇంకా దండగ, ఆకు అడుగున మైనం కప్పుకుని పడుకున్న పురుగుకు అది అంటదు.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు వాడిన మందు. దాన్ని నేలలో, బోదెల్లో పోస్తూ పోతే అక్కడి బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది, రేపు ఆసుపత్రిలో అవసరమైన మనిషికి అది పనిచేయదు. పైగా అదే చెట్టు బొండాం మీ ఇంట్లో పిల్లలు తాగుతారు. పంట మీద ఏ అవసరానికి వాడినా వెయ్యిసార్లు ఆలోచించాల్సిన మందు అది. పనికి రాని చోట వాడమంటే నేను ఒప్పుకోలేను.

మగది లేకుండా పిల్లలా? మీ రెండో ప్రశ్న. తెల్లదోమల లెక్క తేనెటీగల లెక్క లాంటిదే. మగదానితో కలిసి ఫలించిన గుడ్డు ఆడపిల్ల అవుతుంది. ఫలించని గుడ్డు పాడైపోదు, మగపిల్ల అవుతుంది. కాబట్టి కలవని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, కాకపోతే అన్నీ కొడుకులే. ఆడపిల్లలు పుట్టాలంటే మగది కావాల్సిందే. వీడియోలో ఎవరో ఇందులో సగమే చెప్పారు, లేదా కర్రపెండలం పిండినల్లితో కలిపేసి ఉంటారు. ఆ పిండినల్లిలో నిజంగానే మగవాటితో పని లేదు, ఆడది ఆడపిల్లలనే కంటుంది, ఒక్క పురుగు చాలు తోట నిండడానికి. 1970లలో ఆఫ్రికా చేరి కర్రపెండలం తినే దేశాలను అల్లాడించింది అదే. పరాగ్వేలో దొరికిన ఒక చిన్న బదనిక కందిరీగను (ఇంకో పురుగులో గుడ్డు పెట్టి దాన్ని చంపేదాన్ని బదనిక అంటారు) తెచ్చి వదిలాక గానీ అది అదుపులోకి రాలేదు, ఆ పనికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. అదే పిండినల్లి 2020లో కేరళలో బయటపడింది, దాని వెనకే బదనికను కూడా మన శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించారు. పెద్దాపురం వైపు మెట్టలో మీ బంధువులెవరైనా కర్రపెండలం వేస్తుంటే, తమిళనాడు, కేరళ నుంచి పుల్లలు తెచ్చుకునేటప్పుడు చూసి తెచ్చుకోమని చెప్పండి.

మళ్లీ మన దోమ దగ్గరికి వస్తాను. ఈ సంతానం తీరుకీ బ్యాక్టీరియాకీ లంకె ఉంది, అది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. పోర్టియెరా ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లేది తల్లి ద్వారా మాత్రమే. తల్లి కడుపులో గుడ్డు తయారయ్యేటప్పుడే ఆ బ్యాక్టీరియా ఉన్న కణం ఏకంగా గుడ్డులోకి చేరుతుంది. పత్తి తెల్లదోమలో దీన్ని చాలా బాగా పరిశీలించారు. బిడ్డ పుట్టకముందే చద్దిమూట కట్టి ఇచ్చినట్టు అనుకోండి. కొడుకు దగ్గరికి వచ్చిన బ్యాక్టీరియాకు మాత్రం అక్కడితో దారి మూసుకుపోతుంది, ఎందుకంటే మగది దాన్ని పిల్లలకు ఇవ్వలేదు. అందుకే ఇలా తల్లి వెంట నడిచే బ్యాక్టీరియాకు కూతుళ్లు ఎక్కువ పుట్టడమే లాభం.

ఇది ఊహ కాదని అమెరికాలోని ఆరిజోనాలో తేలింది. అక్కడ పత్తి మీద ఉన్నది కూడా బయట నుంచి వచ్చిన తెల్లదోమే. 2000లో వాటిలో నూటికి ఒకదానిలో మాత్రమే రికెట్సియా ఉండేది. 2006 వచ్చేసరికి నూటికి 97! ఆరేళ్లలో. రికెట్సియా ఉన్న ఆడదానికి పిల్లలు ఎక్కువ, వాటిలో బతికేవీ ఎక్కువ, తొందరగా ఎదుగుతాయి, పైగా కూతుళ్ల పాలు ఎక్కువ. తల్లుల్లో వచ్చిన ఒక చిన్న మార్పు మొత్తం పురుగు జనాభానే మార్చేసింది. నేను ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, మన తోటల్లో కూడా ఇలాంటిది జరిగితే ఎలా అని చాలా టెన్షన్ పడ్డాను. కానీ కథ అక్కడితో ఆగలేదు. పదేళ్ల తర్వాత చూస్తే ఆ రికెట్సియా మళ్లీ తగ్గుముఖం పట్టింది. మనం ఏ మందూ కొట్టకుండానే ఎక్కింది, ఏ మందూ కొట్టకుండానే దిగింది. అందుకే "బ్యాక్టీరియాను పట్టుకుంటే దోమ దొరికినట్టే" అని ఎవరైనా తేలిగ్గా చెబితే నాకు నమ్మకం కుదరదు.

తల్లి సంగతి ఇంత చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక్క కొబ్బరి మొక్క ఆకు అడుగున, అప్పటికే మగదానితో కలిసిన ఒక్క ఆడ దోమ ఉంటే చాలు. తనకు కావలసిన బ్యాక్టీరియా ఒంట్లోనే ఉంది, పుట్టబోయే పిల్లలకు కావలసినదీ గుడ్డులోనే ఉంది. కొత్త దేశంలో వెతుక్కోవలసిందేమీ లేదు. సముద్రాలు దాటి వచ్చిన పురుగు ఇంత సులువుగా స్థిరపడిపోవడంలో ఇదొక పెద్ద సంగతి. నర్సరీ నుంచి మొక్క తెస్తే ప్రతి ఆకు తిప్పి చూడండి, కొబ్బరి ఒక్కటే కాదు, అరటి, జామ, సీతాఫలం, అలంకరణ మొక్కలు కూడా. చుట్టలు కనబడితే ఎంత ముద్దొచ్చే మొక్కయినా అక్కడే వదిలేయండి.

ఇమిడాక్లోప్రిడ్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. పురుగుమందు దోమతో పాటు దాన్ని చంపే మిత్రుణ్ణీ చంపుతుంది.

ఈ దోమకు పగవాడు ఒకడు మన తోటల్లోనే ఉన్నాడు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక, మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ. దీని కథ చెప్పాలనిపిస్తుంది. 1990లలో కేరళలో ఇంకో సర్పిలాకార తెల్లదోమ దిగింది, ఇప్పటిదానికి అది దగ్గరి చుట్టం. లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో దాని మీద ఈ ఎన్‌కార్సియా పనిచేస్తుండగా చూసి, మన శాస్త్రవేత్తలు దాన్ని ప్రధాన భూభాగానికి తెచ్చారు. ఆ పాత దోమ చాలావరకు అణిగింది. 2016లో రూగోస్ వచ్చినప్పుడు అదే కందిరీగ ఎవరూ చెప్పకుండానే కొత్త దోమ మీదికి మళ్లింది. మందు కొట్టని తోటల్లో అది ఎంతెంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను.

ఈ కందిరీగల్లో కూడా బ్యాక్టీరియా కథే ఉంది చూడండి. వీటి చుట్టమే ఎన్‌కార్సియా ఫార్మోసా, 1920ల నుంచి ఇంగ్లండు గాజు ఇళ్లలో టమాటా మీది తెల్లదోమకు వదులుతున్నారు. అందులో దాదాపు అన్నీ ఆడవే, మగవి లేకుండానే కూతుళ్లు పుడతాయి, దానికి కారణం వాటి ఒంట్లోని వోల్బాకియా. యాంటీబయాటిక్ పెడితే వాటికి మగవి పుట్టడం మొదలవుతుంది. బదనికకు కావలసింది ఆడది, గుడ్డు పెట్టి దోమను చంపేది అదే కదా. అంటే యాంటీబయాటిక్ నిజంగా పనిచేసేంతగా తోటలోకి చేరిందే అనుకున్నా, అది శత్రువుతో పాటు మిత్రుణ్ణీ దెబ్బతీయొచ్చు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో బోదెకు ఇటూ అటూ రెండు తోటలు, ఇద్దరూ అన్నదమ్ములే. అన్న ఆ ఏడు మూడుసార్లు ట్రాక్టరు పంపుతో పురుగుమందు కొట్టించాడు, కొట్టిన ప్రతిసారీ రెండు వారాలు శుభ్రంగా కనిపించేది, ఆ తర్వాత మళ్లీ తెల్లగా చుట్టలు. తమ్ముడి దగ్గర అప్పటికి డబ్బుల్లేక ఏమీ కొట్టలేదు. సంక్రాంతికి ముందు వెళ్లి రెండు తోటల ఆకులూ భూతద్దం కింద పెట్టి చూశాను. తమ్ముడి ఆకుల మీద పిల్ల పురుగుల ఖాళీ డిప్పల్లో చాలా వాటికి గుండ్రటి చిల్లులున్నాయి. అన్న ఆకుల మీద అన్నీ చీలికలే.

ఈ తేడా మీరూ చూడొచ్చు, చూడాలి కూడా. దోమ తన డిప్పలోంచి బయటికి వచ్చేటప్పుడు వీపు మీద టీ అక్షరం లాగా చీల్చుకుని వస్తుంది. బదనిక బయటికి వచ్చేటప్పుడు సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు కొరుక్కుని వస్తుంది. పది ఆకులు కోసి చూడండి. గుండ్రటి చిల్లులు కనబడుతుంటే మీ తోటలో పని మొదలైందన్న మాట, చేయి ఆపేయండి. అన్నకు ఈ చిల్లులు చూపించి, తమ్ముడి తోట నుంచి బదనిక సోకిన ఆకు ముక్కలు తెచ్చి తన చెట్ల ఆకులకు పిన్ను కొట్టమన్నాను. మొదట మొహమాటపడ్డాడు. తర్వాతి ఏడాది ట్రాక్టరు పిలవలేదు.

ఇప్పుడు మీరు చేయగలిగిందేమిటంటే, చెట్లు అందే ఎత్తులో ఉంటే పంపుతో గట్టిగా నీళ్లు ఆకు అడుగుకు తగిలేలా కొట్టండి, చాలా దోమలూ పిల్ల పురుగులూ రాలిపోతాయి. మసి ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 10 గ్రాముల లెక్కన గంజి పొడి ఉడికించి, చల్లార్చి, వడకట్టి కొట్టండి, ఎండకు అట్టకట్టి మసి పొరలుగా ఊడిపోతుంది. దోమ మరీ ఉధృతంగా ఉండి బదనికలు కనబడకపోతే మాత్రమే వేపనూనె, లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు పొడి కలిపి, అదీ ఆకు అడుగున. ఐసేరియా ఫ్యుమోసోరోసియా అనే శిలీంద్రం పొడి కూడా బాగా పనిచేస్తుంది, లీటరుకు 5 గ్రాములు, సాయంత్రం పూట, గాలిలో తేమ ఉన్న రోజుల్లో. ఎండలో కొడితే డబ్బు వృథా. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, అక్కడ అడిగితే శిలీంద్రం సంగతీ మిత్ర పురుగుల సంగతీ చెబుతారు. పసుపు రంగు జిగురు అట్టలు ఎదిగిన దోమలను కొంత పడతాయి, కానీ వాటిని ఎక్కువ రోజులు వదిలేస్తే బదనికలు కూడా అంటుకుంటాయి, కాబట్టి ఉధృతి ఉన్నప్పుడు పెట్టి తర్వాత తీసేయండి.

చెట్టుకు నీళ్లు, పశువుల ఎరువు, పొటాష్ తక్కువ కాకుండా చూసుకోండి. యూరియా ఎక్కువ వేస్తే మాత్రం రసంలో నత్రజని పెరిగి దోమకు విందవుతుంది, ఇందాక అమైనో ఆమ్లాల కరువు గురించి రాసింది గుర్తుందిగా.

గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా సుమారు నెల పడుతుంది. అందుకని ఈ వారం చేసిన పని ఫలితం వచ్చే వారం చూడకండి, కనీసం రెండు నెలలు ఆగాలి. పెద్ద వర్షాలు పడితే దానంతటదే బాగా తగ్గుతుంది, పొడి కాలంలో మళ్లీ పెరుగుతుంది, అది చూసి కంగారుపడి పరిగెత్తి మందు తేవద్దు.

వీలైతే మూడు చెట్ల నుంచి, అడుగు మట్ట ఒకటి, మధ్య మట్ట ఒకటి చొప్పున ఆకులు కోసి, అడుగు భాగం దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మసి కాదు, ఖాళీ డిప్పలు కనబడేలా తీయండి. చిల్లులున్నాయో చీలికలున్నాయో చూసి, వేపనూనె అవసరమో కాదో చెబుతాను. అప్పటిదాకా ఆ స్ట్రెప్టోసైక్లిన్ ప్యాకెట్లు విప్పకండి, షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి.